ఆ ఉత్తరం తెరమీద ఎంత బరువు తూగింది?

శ్రోతలకు నమస్కారం.

పేరున్న విషాద ప్రేమ నవల సినిమాగా వచ్చినప్పుడల్లా చదివినవాళ్ళు మొదట అడిగేది, ఉన్నది ఉన్నట్టు తీశారా అని. ఆ కొలతతో ఏ సినిమాకూ న్యాయం జరగదని నా నమ్మకం. మూడు వందల పేజీల కథను మూడు గంటల్లో చెప్పేటప్పుడు సన్నివేశాలు పోతాయి, పాత్రలు కలిసిపోతాయి. పోకూడనిది ఒక్కటే. ఆ ప్రేమ ఎందుకు చెడిందో, ఆ చావు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఆ కారణం మాత్రం చెక్కు చెదరకూడదు.

ఈ మాట నాకు మొదట చెప్పింది మా నాయనమ్మ. దేవరకొండ వైపు మా ఊళ్ళో పల్లికాయ ఒలుస్తూ ఆడవాళ్ళు కూర్చున్నప్పుడు, ఎప్పుడో టూరింగ్ టాకీస్‌లో చూసిన ‘దేవదాసు’ ప్రస్తావన వస్తే, అందరూ అక్కినేని కోసం కళ్ళు తుడుచుకునేవారు. ఆమె మాత్రం, "ఆ పిల్ల అర్ధరాత్రి తనంత తానొచ్చి అడిగింది. ఆడపిల్ల ఇంకేం చెయ్యాలె బిడ్డా? పిలగాడికి గుండె లేకపాయె. ఎనక తాగి ఏడిస్తె ఏమొస్తది?" అనేది. నాయనమ్మకు చదువు రాదు. చాలా ఏళ్ళకు నవల చదివినప్పుడు, శరత్‌చంద్ర చటర్జీ కథకు ఆయువుపట్టు ఎక్కడుందో ఆమె సరిగ్గా అక్కడే వేలు పెట్టిందని తెలిసి ఆశ్చర్యపోయాను.

శరత్ ఈ నవలను యౌవనంలోనే రాసినా, అది అచ్చయింది 1917లో. అందులో పార్వతి లోకనిందకు వెరవకుండా రాత్రివేళ దేవదాసు గదికి వస్తుంది. అతడు తల్లిదండ్రులకు ఎదురు నిలవలేక కలకత్తా వెళ్ళిపోయి, నిన్ను అంతగా ప్రేమించానని నాకెప్పుడూ అనిపించలేదనే అర్థం వచ్చేలా ఉత్తరం రాస్తాడు. ఉత్తరం పోస్టులో పడిన తరువాత పశ్చాత్తాపం మొదలవుతుంది. పరుగున తిరిగివచ్చి పెళ్ళి చేసుకుంటానంటే, అప్పటికి అవమానంతో గట్టిపడిన పార్వతి కాదంటుంది. అతడు చేతిలోని గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొడతాడు. కులభేదం, ఆస్తి తేడా, పెద్దల మొండితనం ఇవన్నీ కథలో ఉన్నాయి. కానీ తలుపు తెరిచి ఉన్న ఒక్క రాత్రి ఆ యువకుడు గడప దాటలేకపోయాడన్నదే దీన్ని విషాదం చేసింది. ఆ పిరికితనాన్ని తీసేస్తే మిగిలేది దురదృష్టం మాత్రమే.

1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వచ్చిన మన చిత్రాన్ని ఈ కొలతతోనే చూస్తాను. అక్కినేని, సావిత్రి ఆ పాత్రలను తెలుగు లోగిళ్ళలో పుట్టినవాళ్ళంత దగ్గర చేశారు. సావిత్రి కళ్ళలో ప్రేమా, పట్టుదలా ఏకకాలంలో కనిపిస్తాయి. పార్వతి అభిమానం నవలలో ఎంత పదునైనదో తెరమీదా అంతే పదునుగా నిలిచింది. నాకున్న సందేహమల్లా ఘంటసాల పాడిన ‘జగమే మాయ’ పాట గురించే. ఆ పాట వింటుంటే గొంతు పూడుకుపోని తెలుగువారు అరుదు, నా గొంతూ పూడుకుపోతుంది. కానీ జగమంతా మాయే అయినప్పుడు ఆ ఉత్తరం రాసిన చేతికి బాధ్యత ఏముంటుంది? పాట ఎంత గొప్పదైతే దేవదాసు తప్పు అంత పలచబడుతుంది. నాయనమ్మ పట్టుకున్నది సరిగ్గా దీన్నే.

బెంగాలీ దర్శకుడు ప్రమథేశ్ బారువా అంతకుముందు తీసిన దేవదాసుకు ఛాయాగ్రాహకుడిగా పనిచేసిన బిమల్ రాయ్, 1955లో దిలీప్‌కుమార్‌తో తానే ఆ కథను తీశారు. నవలలో పార్వతి, దేవదాసును ప్రేమించిన వేశ్య చంద్రముఖి ఎన్నడూ కలుసుకోరు. బిమల్ రాయ్ వాళ్ళను ఒక దారిలో ఎదురుపడనిచ్చారు: ఒకరు పల్లకీలో, ఒకరు కాలినడకన, మాటా పలుకూ లేకుండా దాటిపోతారు. శరత్ రాయని ఘట్టమే అయినా అది శరత్ కథలోదే అనిపిస్తుంది. అదే ఇద్దరినీ 2002లో సంజయ్ లీలా భన్సాలీ కలిపి నృత్యం చేయించారు. నృత్యం కన్నులపండుగే. అయితే ఆ చిత్రంలో తల్లి చేసే అవమానం, వదిన పన్నే కుట్రలు ఎంత పెద్ద ఎత్తున వస్తాయంటే, వాటి మధ్య దేవదాసు ఉత్తరం చిన్నబోతుంది, నింద ఇంటివాళ్ళ మీదికి జారిపోతుంది. నా అభ్యంతరం నగలకో, మేడలకో సంబంధించింది కాదు.

ఇతర దేశాల వాళ్ళూ ఈ చోటే తడబడ్డారు. టాల్‌స్టాయ్ ‘అన్నా కరెనినా’ను 1927లో ‘లవ్’ పేరుతో అమెరికాలో తీసినప్పుడు, విషాదాంతంతోపాటు సుఖాంతం కూడా సిద్ధం చేసి, ఏది కావాలో థియేటర్లకే వదిలేశారు.

ముగింపు ముందే తెలిస్తే ఆసక్తి పోతుందన్న భయం మనవాళ్ళకు ఎన్నడూ లేదు. పాలమూరు పల్లెల్లో ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెట్టిన పండుగల సాయన్న కథను కిన్నెర మీద పాడుతుంటే, అతడి చావు తెలిసినవాళ్ళే తెల్లవార్లూ కూర్చొని వింటారు. ఆ చావు ఏ అడుగులో మొదలైందో మళ్ళీ తెలుసుకోవడానికే వాళ్ళు కూర్చుంటారు.

నవల చివర దేవదాసు ఎడ్లబండిలో పార్వతి అత్తవారి ఊరు హాతీపోతా చేరి, ఆ ఇంటి ముందే, ఆమెకు తెలియకుండా ప్రాణం విడుస్తాడు. నుదుటిని తాకే ఆత్మీయమైన చెయ్యి ఒకటి, ఒక్క కన్నీటి చుక్క, ఇవి కూడా దొరకని చావు ఎవరికీ రాకూడదని శరత్ పాఠకులను వేడుకుంటారు. తప్పు అతడిదేనని పుస్తకమంతా దాచకుండా చూపించిన రచయిత, చివరి పేజీలో అతడి కోసం అలా చేతులు జోడిస్తారు. మళ్ళీ ఎవరైనా ఈ కథను తెరకెక్కిస్తే, ఆ బండి ఇంటి ముందు ఆగే వేళకు నాకు ఆ ఉత్తరం గుర్తుంటుందా, లేదా అన్నదే చూస్తాను.