సూపర్‌హీరో స్పీడ్‌ని నమ్మాం, మరి గొడవ దేనికి? ‘ది ఫ్లాష్’ లాజిక్ తగువు

నమస్తే అందరికీ. ఈ వీడియోకి కారణం ఒక మాట. గంటస్తంభం దగ్గర టీ తాగుతూ, మెరుపు వేగంతో పరిగెత్తే సూపర్‌హీరో సీరీస్ ‘ది ఫ్లాష్’ గురించి మాట్లాడుకుంటున్నా, శ్రీకాకుళం బస్సులో పక్క సీటు కుర్రాడు ఫోన్‌లో అదే సీరీస్ చూస్తూ కనిపించి మాట కలిపినా, “ఈ ఎపిసోడ్‌లో ఇక్కడ తప్పుంది” అనగానే ఒకటే జవాబు వస్తుంది. “తూటా కంటే స్పీడుగా పరిగెట్టేవోడ్నే నమ్మేసినావు, ఇంకేటి నీకు లాజిక్కు?”

దాంతో చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేస్తారు, మాట అక్కడితో తెగిపోతుంది. నాకు ఒళ్లు మండిపోతుంది. ఎందుకంటే అందులో రెండు వేరు వేరు ఫిర్యాదులు కలిసిపోయాయి. వాటిని ఈరోజు విడదీద్దాం. హీరో బ్యారీ ఎవరు, అతనికి ఆ వేగం తెచ్చిపెట్టిన పార్టికల్ యాక్సిలరేటర్ ఎందుకు పేలింది, ఇవన్నీ మీకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. కథ మాత్రం చివరిదాకా మాట్లాడతాను. ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆపేయండి.

(స్క్రీన్ మీద: తూర్పు భాగోతం ఫొటో)

మన ఉత్తరాంధ్ర జానపద నాటకం తూర్పు భాగోతం తీసుకోండి. మద్దెల మోత అందుకుంటుంది, తెర మీంచి జడ ఇవతలికి పడుతుంది, సత్యభామ వస్తుంది. ఆ సత్యభామ మగమనిషి అని ముందు వరసలో చాప మీద కూర్చున్న ముసలమ్మకి తెలుసు. గడ్డం గీసిన చోట రంగు కింద నుంచి నలుపు కనిపిస్తున్నా ఆవిడ పట్టించుకోదు. తెల్లవార్లూ ఆ మనిషిని సత్యభామగానే చూస్తుంది, ఆవిడ అలిగితే తనూ బాధపడుతుంది.

సత్యభామ కృష్ణుడికి ఉత్తరం రాసి చెలికత్తె మాధవి చేతికిస్తుంది. మాధవి ఊరికే వెళ్తుందా? ముక్కర ఇస్తేనే కదులుతానంటుంది. సత్యభామ బతిమాలుతుంది, వేరే నగ ఇస్తానంటుంది, చివరికి ఇవ్వలేక ఇవ్వలేక ముక్కర తీసి ఇస్తుంది. భామాకలాపంలో, అంటే ఈ సత్యభామ కథలో, జనం ఎదురుచూసే ఘట్టం ఇది. ఇంత జరిగాక, తర్వాతి సీన్‌లో సత్యభామ ముక్కుకి అదే ముక్కర మెరుస్తూ కనిపించిందనుకోండి. అదే ముసలమ్మ ఊరుకోదు. “ఓలమ్మ, ఇచ్చీసింది కదే ముక్కర, మళ్లీ ఎలగొచ్చింది?” అని అందరికీ వినపడేలా అడుగుతుంది.

మగమనిషి సత్యభామ అయినందుకు నోరెత్తని ఆవిడ ముక్కర దగ్గర ఎందుకు అడిగింది? మొదటిది ఆట మొదలయ్యే ముందే తను ఒప్పుకున్నది. రెండోది ఆట నడుస్తుండగా వాళ్లే తన కళ్ల ముందు జరిపించింది. ఒప్పుకున్నదాని గురించి ఎవరూ నిలదీయరు. జరిపించినదాన్ని వాళ్లే మర్చిపోతే నిలదీస్తారు. ఇప్పుడు ఈ ముక్కర పట్టుకుని బ్యారీ ఉండే సెంట్రల్ సిటీకి వెళ్దాం.

మొదటి సీజన్, ఆరో ఎపిసోడ్, 2014. టోనీ వుడ్‌వర్డ్ గుర్తున్నాడా? చిన్నప్పుడు బ్యారీని కొట్టేవాడు, ఇప్పుడు ఒళ్లంతా ఉక్కుగా మార్చుకోగలడు. వాడిని పడగొట్టాలంటే గంటకి 837 మైళ్ల వేగంతో గుద్దాలని లెక్క తేలుతుంది. మన లెక్కలో దాదాపు 1,347 కిలోమీటర్లు. మామూలు వాతావరణంలో ధ్వని వేగం గంటకి సుమారు 1,235 కిలోమీటర్లు, అంటే దాన్ని దాటేయాలి. ఆ వేగం అందుకోవడానికి బ్యారీ 5.3 మైళ్లు వెనక్కి వెళ్తాడు. ఎనిమిదిన్నర కిలోమీటర్లు. కాస్త అటూ ఇటూగా మన విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లినంత. అదే వేగంతో ఏకబిగిన వస్తే 23 సెకన్లలో వచ్చేస్తాడు.

ఫిజిక్స్ ప్రకారం ఈ సీన్ నిలబడదు. న్యూటన్ మూడో సూత్రం చాలు: ఉక్కుకి ఎంత దెబ్బ తగిలిందో పిడికిలికీ అంతే తగలాలి. ఆ చెయ్యి భుజం దాకా నుజ్జవ్వాలి. అయినా నాకు మొత్తం సీరీస్‌లో ఇష్టమైన సీన్లలో ఇదొకటి. ఎందుకో చూడండి. వేగం ఊరికే రాదు, దూరం కావాలి. ఎంత దూరమో లెక్క వేయాలి. ధ్వని వేగం దాటితే చుట్టూ అద్దాలు పగలాలి, పగిలాయి. అక్కడ కథ మనకి కొన్ని నియమాలు చూపించింది, వాటికి కట్టుబడి గెలిచింది. ఇక్కడ ముక్కర ఇచ్చారు, ఇచ్చినట్టే ఉంచారు. దీన్ని పట్టుకుని “రియలిస్టిక్‌గా లేదు” అనేవాళ్లతో కూడా నాకు పేచీనే.

ఇప్పుడు నాలుగో సీజన్, పదిహేనో ఎపిసోడ్, 2018. నగరం మధ్యలో అణుబాంబు పేలిపోతుంది. పేలబోవడం కాదు, పేలిపోయింది, మంట విచ్చుకుంటోంది. బ్యారీ ఎంత వేగంలోకి వెళ్తాడంటే ఆ మంట అతని కళ్లకి ఆగిపోయినట్టు ఉంటుంది. ఆ ఒక్క క్షణంలోపల అతను స్నేహితుల్ని ఒక్కొక్కరిగా తన వేగంలోకి లాగుతాడు, సలహా అడుగుతాడు, వాళ్లు అలసిపోతే వదిలేస్తాడు, ఇంకో ఉపాయం వెతుకుతాడు. ఎపిసోడ్ దాదాపు మొత్తం ఆ క్షణంలోనే. చాలా గొప్ప ఎపిసోడ్, అందులో నాకు అనుమానం లేదు.

కానీ అది చూశాక నా మనసులో ఒక లెక్క పడిపోయింది. అణుబాంబు మంటకి, మంటకి మధ్య తిరగగలిగిన మనిషి వీడు. అలాంటివాడు తర్వాత కూడా తుపాకీ పట్టుకున్న విలన్ ఎదురుగా నిలబడి మాట్లాడతాడు, తీరిగ్గా పేల్చిన దెబ్బ తిని గోడకి కొట్టుకుంటాడు. మొదటి సీజన్‌లో దొంగ లియొనార్డ్ స్నార్ట్ గడ్డకట్టించే కోల్డ్ గన్‌తో అతన్ని ఇబ్బంది పెట్టాడంటే నమ్మాను. అప్పుడు బ్యారీకి పరుగే కొత్త. బాంబు ఎపిసోడ్ తర్వాత అదే తరహా దెబ్బ అంటే, ఇదిగో, ఇచ్చేసిన ముక్కర మళ్లీ ముక్కుకి వచ్చేసింది. ఇది అడిగినవాడిని “ఫిజిక్స్ అడుగుతున్నాడు” అంటే ఎలా? మనం అడిగేది నాలుగో సీజన్ పదిహేనో ఎపిసోడ్ గురించి.

రచయితల కష్టం నాకు అర్థమవుతుంది. మొదటి సీజన్‌కే 23 ఎపిసోడ్లు, ఒక్కోటి నలభై నిమిషాల పైన. ఒక్కో ఎపిసోడ్ ఒక్కొక్కరు రాస్తారు. హీరో పూర్తి వేగం వాడితే టైటిల్స్ పడేలోపే విలన్ జైల్లో ఉంటాడు. పైగా అంతా ఆగిపోయిన లోకాన్ని తెర మీద చూపించాలంటే గ్రాఫిక్స్ ఖర్చు. అయినా ఒక్క డైలాగ్ చాలు కదా. ఆ వేగంలో ఎక్కువసేపు ఉంటే ఒళ్లు డీలా పడుతుందని ఆ ఎపిసోడే చూపించింది. దాన్నే తర్వాత కూడా గుర్తుపెట్టుకుని, “నిన్న వాడేశాను, ఈరోజు ఒంట్లో లేదు” అని బ్యారీతో ఒక ముక్క అనిపిస్తే నేను నోరు మూసుకుని చూస్తాను.

మార్పే వద్దంటున్నానా అంటే, లేదు. భాగోతం సగంలో సత్యభామ వేషం కట్టినాయనకి గొంతు పోయిందనుకోండి. బృందంలో పెద్దాయన ముందుకొచ్చి, “బాబూ, ఇక్కడి నుంచి మా తమ్ముడు కడతాడు, మన్నించండి” అంటే జనం సరే అంటారు. ఫ్లాష్‌పాయింట్ అలాంటిదే. బ్యారీ కాలంలో వెనక్కి వెళ్లి, చనిపోయిన వాళ్లమ్మని కాపాడతాడు, తప్పు తెలిసి మళ్లీ సరిచేస్తాడు, కానీ లోకం ముందులా ఉండదు. ఇదే లోకంలో నడిచే ‘యారో’ సీరీస్‌లో డిగిల్ కూతురు సారా ఉండాల్సిన చోట కొడుకు జాన్ ఉంటాడు. బ్యారీ స్నేహితుడు సిస్కో అన్న డాంటే చనిపోయి ఉంటాడు. సిస్కో ఆ కోపం బ్యారీ మీద చూపిస్తాడు, డిగిల్‌కి కూడా విషయం తెలిసి మనసు విరిగిపోతుంది. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో, ఎవరికి నష్టమో చెప్పి మార్చారు. దీన్ని కంటిన్యుటీ తప్పు అనేవాళ్లు ఆ సీన్లు మళ్లీ చూడాలి.

టైమ్ అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

శక్తిమాన్. 1997లో దూరదర్శన్‌లో వచ్చింది. శక్తిమానే గంగాధర్‌గా కళ్లద్దాలు పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టరు. అది మొదటే ఒప్పుకున్నది, వదిలేయండి.

‘ది బాయ్స్’, 2019. మొదటి ఎపిసోడ్‌లోనే అందులోని స్పీడ్ హీరో ఎ-ట్రెయిన్ పరుగులో అడ్డొచ్చిన అమ్మాయి ఏమైందో చూశారు కదా. ఆ వేగానికి శరీరం తగిలితే ఏమవుతుందో దాచకుండా చూపించారు. ఫ్లాష్ ఎత్తుకొచ్చిన మనుషులకి మెడ కూడా పట్టదు. రెండూ వేరు వేరు ఒప్పందాలు. ఒకదానితో ఇంకోదాన్ని కొట్టకండి.

స్పీడ్ ఫోర్స్, అంటే ఫ్లాష్‌కి వేగం ఇచ్చే శక్తి. కామిక్స్‌లో 1990ల్లో మార్క్ వెయిడ్ తెచ్చిన ఆలోచన. గాలి రాపిడికి బట్టలు ఎందుకు కాలిపోవు లాంటి ప్రశ్నలకి అది చక్కగా పనికొస్తుంది. సీరీస్‌లో పోనుపోనూ ప్రతి చిక్కుకీ అదే జవాబైపోయింది, అది నాకు నచ్చలేదు.

ఆఖరిది ఎడ్డీ థాన్. మొదటి సీజన్ చివర ఎడ్డీ తనని తాను కాల్చుకుంటాడు, తన వంశంలో విలన్ ఇయోబార్డ్ పుట్టకూడదని. నేను ఏడ్చాను. రెండో సీజన్‌లోనే ఇయోబార్డ్ తిరిగొచ్చాడు. టైమ్ రెమ్నెంట్ అన్నారు, చెరిగిపోకముందు కాలం నుంచి వచ్చినవాడన్నారు. కారణం చెప్పారు కాబట్టి ఒప్పుకోవాలని కొందరంటారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే ఆ కారణం వల్ల ఎడ్డీ చావుకి ఫలితం లేకుండా పోయింది. 2023లో ఎడ్డీనే కోబాల్ట్ బ్లూ అనే విలన్‌గా తిరిగి తెచ్చినప్పుడు ఆ బాకీ తీర్చారా లేదా అన్నది వచ్చే వీడియోలో. ఈలోపు సీరీస్ చివరి నాలుగు ఎపిసోడ్లు చూసి రండి.