ఏసీ చల్లబడట్లేదా? మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు ఇవి చూసుకోండి

నమస్కారం అండీ. మే నెలలో ఏసీ మెకానిక్ దొరకడమంటే మాటలు కాదు. "రేపొస్తానండీ" అంటాడు, ఆ రేపు ఎప్పటికో గానీ రాదు. తీరా వచ్చాక గేజీ (గ్యాస్ ప్రెషర్ చూపించే మీటరు) తగిలించి "గ్యాస్ తగ్గిందండీ, కొట్టాలి" అంటాడు. ఉక్కపోతలో ఉంటాం కదా, ఎంతంటే అంత ఇచ్చేస్తాం. నిజానికి ఇలాంటి ఇళ్లలో చాలాచోట్ల గ్యాస్ నిక్షేపంగా ఉంటుంది. గాలి ఆడకో, నీళ్లు బయటికి పోకో, కరెంటు సరిగ్గా అందకో ఏసీ మొరాయిస్తుంటుంది. వీటిలో చాలావరకు మనమే చూసుకోవచ్చు. కదలని స్టూలు ఒకటి, పాత టూత్‌బ్రష్, చిన్న డిజిటల్ థర్మామీటర్ ఉంటే చాలు.

ఇప్పుడు మనం విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం, పిన్నిగారి ఇంట్లో. ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ. రాత్రిళ్లు బాగానే ఉంటుందట, మధ్యాహ్నం పన్నెండు దాటితే మాత్రం ఎంత తగ్గించినా గది చల్లబడట్లేదట. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, సగం జవాబు ఇందులోనే ఉంది.

ముందు రిమోట్. నవ్వకండి, పిల్లలున్న ఇంట్లో సగం కంప్లైంట్లు ఇక్కడే తేలిపోతాయి. స్క్రీన్ మీద మంచు పువ్వు గుర్తు ఉంటే కూల్ మోడ్. నీటి చుక్క ఉంటే డ్రై మోడ్, అది తేమ లాగడానికి, దాంతో గది పెద్దగా చల్లబడదు. ఫ్యాన్ గుర్తు ఒక్కటే ఉంటే కంప్రెసర్, అంటే గ్యాస్‌ని నొక్కి తిప్పే మోటారు, అసలు తిరగదు. రిమోట్ పనిచేస్తోందో లేదో అనుమానంగా ఉంటే, ఫోన్‌లో సెల్ఫీ కెమెరా ఆన్ చేసి రిమోట్ మూతి దాని వైపు పెట్టి బటన్ నొక్కండి. ఇదిగో, ఊదారంగులో మెరిసింది చూశారా? మెరిస్తే రిమోట్ బాగున్నట్టే.

ఇంకో మాట. 18 పెడితే గది తొందరగా చల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. గది వేడిగా ఉన్నప్పుడు ఏసీ ఎలాగూ తన శక్తి కొద్దీ లాగుతుంది. 18 పెట్టినందువల్ల వచ్చేది బిల్లే. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలయ్యేలా రూల్ పెట్టింది కూడా అందుకే. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. 24 పెట్టి, ఫ్యాన్ నెమ్మదిగా తిప్పుకోండి.

ఇక ఫిల్టర్. స్విచ్ ఆపండి, స్టెబిలైజర్ కూడా ఆపండి. ముందు మూతని రెండు పక్కలా పట్టుకుని పైకెత్తితే అక్కడే ఆగుతుంది. ఈ జాలీలే ఫిల్టర్లు. కొంచెం పైకి నొక్కి, కిందికి లాగితే వచ్చేస్తుంది. కెమెరా దగ్గరికి తెస్తున్నాను చూడండి. లైటుకి ఎదురుగా పెట్టినా వెలుతురు రావట్లేదు. బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంది. దీంట్లోంచి గాలి ఎలా పోతుంది చెప్పండి?

కుళాయి కింద కడిగేటప్పుడు దుమ్ము ఉన్న వైపు కాకుండా వెనక వైపు నుంచి నీళ్లు పట్టండి, దుమ్ము బయటికి తోసుకుని పోతుంది. వేడినీళ్లు వద్దు, ఎండలో ఆరేయొద్దు, ప్లాస్టిక్ ఫ్రేము వంకరపోయి మళ్లీ సరిగ్గా కూర్చోదు. నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి. ఎండాకాలంలో రెండు వారాలకోసారి కడగాలి. పక్కనే బిల్డింగ్ కడుతుంటే వారం వారం. ఆరేలోపు తొందరపడి ఫిల్టర్ లేకుండా ఏసీ వేయకండి, ఆ దుమ్మంతా పోయి లోపలి కాయిల్‌కి పట్టేస్తుంది.

ఫిల్టర్ వెనక కనిపిస్తున్న సన్నటి అల్యూమినియం రేకులే కాయిల్. చేత్తో రాయకండి, బ్లేడులా కోస్తాయి. దుమ్ముంటే మెత్తటి బ్రష్‌తో రేకులు ఎటు ఉన్నాయో అటే, పైనుంచి కిందికి దువ్వండి. అడ్డంగా రుద్దితే రేకులు వంగిపోతాయి. అక్కడ తెల్లగా ఐస్ కట్టి ఉంటే కత్తి, స్క్రూడ్రైవర్ జోలికి పోవద్దు, కాయిల్‌కి బొక్క పడితే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది. ఫ్యాన్ మోడ్‌లో పెట్టి వదిలేయండి, కరిగిపోతుంది. ఫిల్టర్ కడిగాక కూడా మళ్లీ ఐస్ కడితే, అప్పుడు గ్యాస్‌ని అనుమానించండి.

ఇప్పుడు బాల్కనీలోకి రండి, పిన్నిగారి మధ్యాహ్నం కష్టం ఇక్కడుంది. గదిలోంచి లాగిన వేడినంతా బయటికి తోసేది ఈ అవుట్‌డోర్ యూనిట్. ఏసీకి టన్నులు, అంటే చల్లబరిచే శక్తి, లెక్కకట్టేది బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. మన దగ్గర మేలో 44, 45 అవుతుంది. అప్పుడు ఒకటిన్నర టన్ను ఏసీ ఒకటిన్నర టన్ను పని చేయలేదు, అది దాని తప్పు కాదు. దానికి తోడు ఇక్కడ చూడండి: మూతి ముందు ఆరేసిన దుప్పట్లు, వెనక రేకుల్లో పావురం ఈకలు, పుల్లలు. వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తోంది. చాలా అపార్ట్‌మెంట్లలో నాలుగైదు ఫ్లాట్ల అవుట్‌డోర్లు ఒకే ఇరుకు డక్టులోకి వదులుతాయి, అక్కడా ఇదే బాధ. పైన నీడ పడేలా రేకు వేసుకోవచ్చు. ఎండ తగలకూడదని మొత్తం గోనెసంచి చుట్టేసిన వాళ్లని కూడా చూశాను. నీడ మంచిదే గానీ ముందు, వెనక గాలి ఆడాలి కదండీ.

కడగాలంటే ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే తనే పడిపోయే మెయిన్ స్విచ్) ఆపి, ఈకలు ఏరేసి, మామూలు పైపుతో మెల్లగా పట్టండి. వైర్లు వెళ్లే పక్కకి నీళ్లు పడకూడదు. బైకులు కడిగే ప్రెషర్ పంపు అసలు వద్దు. అవుట్‌డోర్ గోడ బయట స్టాండు మీద వేలాడుతుంటే మాత్రం మీరు ఒంగి కడగకండి. ఆ పని చేసేవాళ్లు బెల్టు కట్టుకుని చేస్తారు.

సరే, ఫిల్టర్ ఆరింది, ఏసీ వేసి ఇరవై నిమిషాలైంది. థర్మామీటర్ పెడదాం. పైన గాలి లోపలికి వెళ్లే చోట 31. కింద చల్లగాలి వచ్చే చోట 20. తేడా 11 డిగ్రీలు. ఏసీ పూర్తి స్పీడులో ఉన్నప్పుడు ఈ తేడా 8 నుంచి 12 దాకా ఉంటే గ్యాస్ గురించి టెన్షన్ పడక్కర్లేదు.

"అయితే గ్యాస్ కొట్టించక్కర్లేదా బాబూ? పోయినేడు కూడా కొట్టించాం."

అక్కర్లేదు పిన్నిగారూ. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్ లాంటిది కాదు, తిరిగేకొద్దీ అయిపోవడానికి. రాగి గొట్టాల్లో సీలు వేసి ఉంటుంది, అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా ఏటా గ్యాస్ కొట్టించడమంటే ఏటా డబ్బులు గాల్లోకి వదలడమే. లీకు ఎక్కువగా గొట్టాలు నట్లతో బిగించిన చోట వస్తుంది. అక్కడ నూనె జిడ్డు కనిపిస్తే అనుమానించాలి. సబ్బు నురగ రాస్తే బుడగలొస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి కాయిల్‌నే తినేసి చిల్లులు పడతాయి.

మెకానిక్ గ్యాస్ అన్నాడంటే, గొడవపడకుండా, మర్యాదగానే నాలుగు మాటలు అడగండి. లీకు ఎక్కడ, చూపించు బాబూ? ముందు గొట్టాల్లోని గాలి, తేమ లాగేసే వ్యాక్యూమ్ పంపు పెడతావా? గ్యాస్ తూకం వేసి ఎక్కిస్తావా? ఏ గ్యాస్ ఎక్కిస్తున్నావు? మూడో మాట ఎందుకంటే, ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ స్పీడు మారుతూ ఉంటుంది, దాంతోపాటు గేజీ మీద ముల్లూ మారుతుంది. ముల్లు చూసి కొడితే ఎక్కువో తక్కువో అవుతుంది. అవుట్‌డోర్ పక్కన అంటించిన ఈ ప్లేటు మీద చూడండి, ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని రాసే ఉంది. పాత ఏసీల్లో ఆర్22, ఆ తర్వాత వచ్చినవాటిలో ఆర్410ఏ, ఇప్పటివాటిలో ఎక్కువగా ఆర్32. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో కొట్టకూడదు. ఆర్32కి కొద్దిగా మండే గుణం ఉంది, కాబట్టి లోపల గ్యాస్ ఉండగా వెల్డింగ్ మంట పెట్టనివ్వకండి.

ఇక నీళ్లు కారడం. వానాకాలం ఉక్కలో ఈ ఫోన్లే ఎక్కువ. గాలిలోని తేమ కాయిల్ మీద నీరై, కింద ట్రేలోకి జారి, డ్రెయిన్ పైపులోంచి బయటికి పోవాలి. ఆ పైపులో పాకుడు పట్టి మూసుకుపోతే నీళ్లు గోడ వెంట దిగుతాయి. ముందు పైపు బయటి చివర చూడండి. చాలా ఇళ్లలో దాన్ని బకెట్లో పెడతారు, బకెట్ నిండి పైపు మూతి నీళ్లలో మునుగుతుంది, గాలి అడ్డుపడి నీళ్లు వెనక్కి తంతాయి. మూతి ఎప్పుడూ నీళ్లకి పైనే ఉండాలి. పైపు మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు. ఇవి రెండూ బాగున్నా కారుతుంటే, బయటి చివర వ్యాక్యూమ్ క్లీనర్ పెట్టి, సందులో తడిగుడ్డ చుట్టి లాగండి. తడి కూడా లాగే రకం క్లీనర్ అయితేనే సుమా. నల్లటి జిగురు ముద్ద బయటికొస్తుంది. తర్వాత ట్రేలో ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పోసి, బయట ధారగా పడుతున్నాయో లేదో చూసుకోండి. పోసేటప్పుడు వైర్లు ఉన్న పక్క జాగ్రత్త.

వాసన వస్తోందంటే తడి కాయిల్ మీద బూజు. ఆపే ముందు పావుగంట ఫ్యాన్ మోడ్‌లో తిప్పితే కాయిల్ ఆరుతుంది. అప్పటికే ముదిరితే సర్వీసింగ్ చేయించాల్సిందే.

లైట్లు మిణుకుమంటూ ఈ1, ఎఫ్3 అని ఏదో చూపిస్తుంటే ఎమ్‌సీబీ ఆపి, పది నిమిషాలాగి వేయండి. మళ్లీ అదే వస్తే ఆ కోడ్ ఫొటో తీసుకుని కంపెనీ వాళ్లకి చెప్పండి. ఒక్కో కంపెనీకి ఒక్కో అర్థం, ఎవరో చెప్పింది మీ ఏసీకి వర్తించదు. అవుట్‌డోర్‌లోని పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీద బల్లి పడి షార్ట్ అవడం కూడా మన దగ్గర మామూలే. కరెంటు పోయి వచ్చాక మూడు నిమిషాలు చల్లగాలి రాకపోతే అది రిపేరు కాదు, కంప్రెసర్‌ని కాపాడటానికి పెట్టిన ఆలస్యం.

అవుట్‌డోర్ గుంయ్‌మంటుంది గానీ ఫ్యాన్ తిరగట్లేదంటే కెపాసిటర్, అంటే మోటారు తిరగడానికి ఊతమిచ్చే డబ్బా, పోయి ఉండొచ్చు. వెంటనే ఆపండి. మూత మాత్రం విప్పకండి, ప్లగ్ పీకేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉండి కొడుతుంది.

ఎమ్‌సీబీ పడిపోతే ఒక్కసారి లేపి చూడండి. రెండోసారి పడిందంటే ఇంక లేపకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. పెద్దది వేస్తే పడదు కదా అని 32 ఆంపియర్లది వేయించుకునేవాళ్లున్నారు, అప్పుడు ఎమ్‌సీబీ బదులు వైరు కాలుతుంది. నెలకోసారి ఏసీ ఆపి, సాకెట్ స్విచ్ కట్టేసి, ప్లగ్ పీకి పిన్నులు చూడండి. నల్లబడినా, చుట్టూ ప్లాస్టిక్ కరిగినట్టున్నా అక్కడ లూజు ఉందన్నమాట. సాకెట్ ఒక్కటే కాదు, ప్లగ్ కూడా 16 ఆంపియర్లది కొత్తది వేయించండి. ఒకటిన్నర టన్ను ఏసీకి సాధారణంగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తారు, మీ గోడలో ఉన్నది అదేనో కాదో కూడా ఆ చేత్తోనే చూపించుకోండి.