బెల్లు కొడితే పది గెంతులు

(తిరుపతిలో ఒక వాకర్స్ సంఘం ఆదివారం సమావేశంలో రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, వేదిక మీదున్న డాక్టరు గారికి, పొద్దున్నే నడక ముగించుకుని చెమట ఆరకముందే వచ్చి కూర్చున్న అన్నలకు, అక్కలకు నమస్కారం. ఇంకా కొందరి పేర్లు చీటీలో రాసిచ్చారు. అవన్నీ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో అయిదు అక్కడే పోతాయి. చీటీ పర్సులో పెట్టుకుంటున్నా, ఏమీ అనుకోవద్దు. మైకు కాస్త దించు నాయనా. ముప్పై నాలుగేళ్లు విజిలుతో బతికినదాన్ని, ఈ మైకు నాకు అలవాటు లేదు.

"మోకాళ్ల నొప్పులు, జాగ్రత్తలు" అని మాట్లాడమన్నారు. మోకాళ్ల సంగతి డాక్టరు గారు చూసుకుంటారు. నేను ఎముకల గురించి చెప్తాను. ఎముకలని మొదలుపెట్టి నేను చివరికి ఎక్కడ తేలతానో మా ఇంట్లోవాళ్లకు తెలుసు. అందుకే ఒక్కరూ రాలేదు.

మన వైపు ఎముక మాటెత్తితే పుత్తూరు రాకుండా ఉంటుందా? నాకు తొమ్మిదేళ్లప్పుడు చింతచెట్టు మీంచి పడి ముంజేయి విరిగింది. మా నాయన బస్సెక్కించి పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాడు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, దాని మీద గుడ్డ, ఆ పైన వెదురు బద్దలు. ఆరేకొద్దీ బిగుసుకుపోయేది. రాత్రి చేయి ముక్కు దగ్గరికి వస్తే నీచు వాసనకు మెలకువ వచ్చేది. కట్టు విప్పినరోజు చూసుకుంటే ఆ చేయి నాది కాదనిపించింది. కుడిచేతిలో సగం లావుంది, తోలు పొట్టు లేస్తోంది. ఎముక అతుక్కుంది, కండ మాత్రం కరిగిపోయింది. బావిలో చేదతో రోజూ నీళ్లు తోడు, అదే వస్తుంది అన్నారు. తోడాను, వచ్చింది.

కండే కాదు, ఎముకా పని పెడితేనే గట్టిపడుతుందని నేను ట్రైనింగ్ కాలేజీలో చేరాకగానీ తెలియలేదు. జర్మనీలో జూలియస్ వోల్ఫ్ అనే సర్జన్ 1892లోనే చెప్పాడు, ఎముక మీద పడే బరువును బట్టి దాని లోపలి కట్టుబడి మారుతుందని. ఎముకంటే గోడలో పెట్టిన ఇనుప కడ్డీ అనుకుంటాం. కాదు. లోపల రెండు జట్ల మేస్త్రీలు రాత్రింబవళ్లు పనిచేస్తుంటారు. ఒక జట్టు పాతది తవ్వి పారేస్తుంది, దాని పేరు ఆస్టియోక్లాస్టులు. రెండో జట్టు కొత్తది కడుతుంది, అవి ఆస్టియోబ్లాస్టులు. పెద్దవాళ్లలో ఏడాదికి పదో వంతు ఎముక ఇట్లా మారిపోతుంది. బరువు పడుతుంటే కట్టే జట్టుకు పని దొరుకుతుంది. పడకపోతే తవ్వేవాళ్లదే రాజ్యం. అంతరిక్షంలోకి వెళ్లిన వ్యోమగాములకు అక్కడ బరువనేదే ఉండదు కదా, తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం తరిగిపోతుందని లెక్కకట్టారు. ఎంతో దిట్టంగా ఉన్నవాళ్లను ఏరి పంపిస్తే ఆ గతి.

ఇప్పుడు మీకు కోపం వచ్చే మాట ఒకటి. నడక మంచిదే. గుండెకు మంచిది, షుగరుకు మంచిది, ఇంట్లో పోట్లాటలు తగ్గడానికీ మంచిది. కానీ రోజూ ఒకే దారిలో, ఒకే వేగంతో, కబుర్లు చెప్పుకుంటూ నడిస్తే ఎముక పెద్దగా గట్టిపడదు. దానికి అలవాటైపోయింది. చూడండి, వెనక వరసలో పెద్దాయన అప్పుడే లేస్తున్నారు. కూర్చోండి సార్, నడక మానేయమనడం లేదు.

ఎముకకు కావాల్సింది అలవాటు లేని బరువు, కాస్త అదురు. అదీ కొంచెమే. 1984లో రూబిన్, లాన్యన్ అనే ఇద్దరు కోడిపుంజు రెక్క ఎముక మీద ఒక ప్రయోగం చేశారు. ఆ ఎముకను మామూలుగా వాడనివ్వకుండా చేసి, రోజూ కొలిచినట్టు బరువు వేశారు. రోజుకు 4 సార్లు వేస్తే ఎముక తరగకుండా నిలిచింది. 36 సార్లు వేస్తే పెరిగింది. 1800 సార్లు వేస్తే? అంతే, 36కు వచ్చినంతే వచ్చింది. నేను చాలా ఏళ్లు పిల్లల్ని గ్రౌండు చుట్టూ పన్నెండు రౌండ్లు పరిగెత్తించాను. ఈ కోడిపుంజు సంగతి తెలిశాక వాళ్లందరికీ క్షమాపణ చెప్పాలనిపించింది.

నా కాగితంలో తర్వాతి ముక్క "నలభై దాటినవారు". అది కాసేపు పక్కన పెడతాను.

1991. కెనడాలో సస్కాచెవాన్ యూనివర్సిటీ వాళ్లు ఆ ఏడాది స్కూలు పిల్లల ఎముకలు కొలవడం మొదలుపెట్టారు. ఒకసారి కొలిచి వదిలేయలేదు, అవే పిల్లల్ని ఏడాదికేడాది పిలిచి కొలిచారు. వాళ్లకు తేలిందేమిటంటే, పిల్లలు జర్రున ఎత్తు పెరిగే సమయం ఉంటుందే, ఆ చుట్టుపక్కల రెండేళ్లలోనే జీవితం మొత్తానికి సరిపడే ఎముక ఖనిజంలో నాలుగో వంతు పైచిలుకు చేరుతుంది. ఆడపిల్లలకు అది ఇంచుమించు పన్నెండు పదమూడేళ్లప్పుడు, మగపిల్లలకు పద్నాలుగు దగ్గర. ముసలితనంలో పోయేదంతా ఆ రెండేళ్లలో దాచుకున్న దాంట్లోంచే అనుకోండి.

అదే 1991లో నేను మన జిల్లాలోనే ఒక హైస్కూల్లో పీఈటీని, అంటే డ్రిల్ టీచర్ని. ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. పేరు చెప్పను. ఖోఖోలో ఆ పిల్ల పోలు దగ్గర తిరిగే తీరు నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు. ఎడమచేత్తో పోలును పట్టీ పట్టకుండా అట్లా తాకి, ఒంటికాలి మీద గిర్రున తిరిగి, మోకాలు నేలకు ఆనేంతగా వంగి లేచేది. పావడా కింద నిక్కరు, కాళ్లకు చెప్పుల్లేవు. పోలు చుట్టూ మట్టి ఆ పిల్ల మడమలకే గుంత పడింది. జోనల్స్ టీములో పేరు రాశాను. రెండు వారాలు కనిపించలేదు. వచ్చిననాడు ఓణీ వేసుకుని వచ్చింది. డ్రిల్ పీరియడ్‌కు గ్రౌండులోకి రాలేదు, వేపచెట్టు కింద కూర్చుంది. "అమ్మ గెంతొద్దనింది మేడం" అంది.

నేనేం చేశానో చెప్తాను. వాళ్లింటికి వెళ్లలేదు. వాళ్ల నాయనతో మాట్లాడలేదు. టీము లిస్టులో ఆ పేరు మీద గీత కొట్టి, కింద ఇంకో పిల్ల పేరు రాశాను. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు, నేనూ ఆడదాన్నే, నన్నూ ఒకప్పుడు అట్లాగే కూర్చోబెట్టారు. ఆ వేపచెట్టు కింద ఏటా అయిదారుగురు చేరేవాళ్లు. ఎనిమిదికి వచ్చేసరికి ఆడపిల్లల్లో సగం అక్కడే. వాళ్లు కూర్చునే ఉన్నారు గదా అని లెక్కల సారు నా పీరియడ్ అడిగేవాడు, నేను ఇచ్చేదాన్ని. రిజిస్టరులో డ్రిల్ అని నేనే సంతకం పెట్టేదాన్ని. ఎముక కట్టే జట్టు పూర్తి జోరులో ఉండే ఆ రెండేళ్లలోనే మేం పిల్లల్ని కూర్చోబెట్టాం. సంతకం నాది.

పోయిన ఏడాది ఎక్స్‌రే తీయించుకోవడానికి ఒకచోట వరసలో కూర్చుంటే పక్కనామె "మేడం, నేను" అంది. కళ్లను బట్టి గుర్తుపట్టాను. నలభై ఆరేళ్లు. వంటింట్లో తడి మీద జారి చేయి ఆనించిందట, మణికట్టు విరిగింది. ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే డెక్సా స్కాన్ తీసి, అందులో వచ్చే టీ స్కోరు మైనస్ 2.5 కన్నా కిందికి దిగిందన్నారట. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత అది, అది దాటితే ఎముక గుల్లబారిందని లెక్క. ఖోఖో మాన్పించినందుకే విరిగిందని నేననను. నెలసరి త్వరగా ఆగిపోయిందట, ఆ తర్వాత కొన్నేళ్లు ఎముక జోరుగా తరుగుతుంది. తిండి ఉంటుంది, వంశం ఉంటుంది. ఒక్కదాని మీదకు తోయలేం. కానీ నేను లిస్టులో కొట్టిన గీత మాత్రం అక్కడ కూర్చున్నంతసేపూ కళ్లముందే ఉంది. ఆమె నవ్వుతూ "మీరు విజిల్ వేస్తే ఇప్పుడూ పరిగెత్తుతా మేడం" అంది. సిమెంటు కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని.

చీటీ వచ్చింది, పది నిమిషాలే ఉన్నాయట. సరే.

పిల్లలకు ఎంత కావాలి? గ్రౌండు లేదు, పీరియడ్ లేదు, పరీక్షల టెన్షన్ అంటారు. కెనడాలోనే బ్రిటిష్ కొలంబియాలో ఒక చిన్న పని చేసి 2005లో ప్రచురించారు. స్కూల్లో బెల్లు కొట్టినప్పుడు పిల్లలు లేచి బెంచీ పక్కనే పది గెంతులు గెంతాలి. రోజుకు మూడుసార్లు. మొత్తం కలిపి మూడు నిమిషాలు. ఎనిమిది నెలల తర్వాత కొలిస్తే, గెంతని పిల్లలకన్నా వీళ్లకు తుంటి దగ్గర ఎముక ఎక్కువ పెరిగింది. నా పీరియడ్ ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. బెల్లును ఎవరు తీసుకుంటారు? ఇది రిటైరయ్యాక చదివాను. ముందే తెలిసుంటే గంట కొట్టే అటెండరు పక్కన నేనే నిలబడేదాన్ని. తొక్కుడుబిళ్ల అంటే ఏమిటనుకున్నారు? ఒంటికాలి గెంతులే కదా. మనవాళ్లు పరిశోధన చేయకుండానే ఆడించారు, మనం పరిశోధనలు చదువుకుని మాన్పించాం.

ఇక మన వయసు. త్వరగా చెప్తాను. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీ వాళ్లు ఎముక పలచబడిన, నెలసరి ఆగిపోయిన 101 మంది ఆడవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఇంట్లో చేసుకునే తేలిక వ్యాయామం. రెండో గుంపుకు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, చూసుకునే మనిషి పక్కనుండగా నిజంగానే బరువులు ఎత్తించారు, గెంతించారు. ఎనిమిది నెలల్లో బరువులెత్తిన వాళ్ల వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, తేలిక వ్యాయామం వాళ్లది 1.2 శాతం తగ్గింది. ఎముకలు విరుగుతాయేమోనని అందరూ భయపడ్డారు. ఒకామెకు నడుం పట్టేసింది, అంతే. అట్లాగని ఇంటికి పోయి గ్యాసు సిలిండరు ఎత్తొద్దు. నేర్పే మనిషి లేకుండా మొదలుపెట్టొద్దు. ఇప్పటికే వెన్నుపూస నలిగినవాళ్లు డాక్టరు గారిని అడగందే అసలు ముట్టుకోవద్దు.

నాకు వయసైపోయింది అనే అన్నలకు ఒక మాట. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ల ముసలివాళ్లు పదిమందికి ఎనిమిది వారాలు కాళ్ల బరువు వ్యాయామం చేయించారు. కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్లకు! ఇక్కడ అందరికన్నా పెద్దాయనకు ఎంత? ఎనభై రెండా? ఇంకా ఎనిమిదేళ్లుంది సార్ మీకు.

అందరూ ఒకసారి చేతులు ఛాతీ మీద కట్టుకోండి. కుర్చీ పట్టుకోకుండా లేవండి. కూర్చోండి. మళ్లీ లేవండి. మళ్లీ. కార్యదర్శి గారూ, మీరు కూడా. చాలు. ఎవరెవరు చేయి ఆనించారో నేను చూశాను. తుంటి విరగాలంటే ముందు పడాలి కదా. ఈ లేవగలిగే బలమే పడనివ్వకుండా కాపాడేది.

బరువు తూచుకుని సంతోషపడే వాళ్లున్నారు. పుణెలో యాజ్నిక్ అనే డాక్టరు, లండన్‌లో యుడ్కిన్ అనే డాక్టరు పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫోటో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరికీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, ఒకటే, 22.3. కొవ్వు మాత్రం లండన్ ఆయనకు 9.1 శాతం, మన పుణె ఆయనకు 21.2 శాతం. కాటా మీద ఇద్దరూ ఒకటే మనిషి. సన్నగా ఉన్నా పొట్ట ఉన్న మనవాళ్ల సంగతి అది.

తిండి గురించి రెండు మాటలు. మన స్విమ్స్ ఆసుపత్రి డాక్టర్లు తిరుపతిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆరోగ్యంగా ఉన్న మనుషులను పరీక్షించి 2007లో రాశారు. తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ, విటమిన్ డి కరువు. ఇంత ఎండ ఉన్న ఊళ్లో! మన ఎండలో విటమిన్ డి బాగా తయారయ్యేది 11 నుంచి 2 మధ్యన. మనం నడిచేది అయిదున్నరకు, మఫ్లరు చుట్టుకుని. రాగిపిండి 100 గ్రాముల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, రోజుకు కావాల్సింది 1000. సంగటి, ఊరుబిండి తింటే పల్లెటూరోళ్లని నవ్వే మనవళ్లకు ఈ లెక్క చెప్పండి. పక్కన మజ్జిగ ఉండాలి.

అలిపిరి మెట్లు 3550. మొక్కుబడికి ఎక్కి బస్సులో దిగుతాం. తైవాన్‌లో లావుగా ఉన్న పెద్ద వయసు ఆడవాళ్లను కొందరిని మెట్లు ఎక్కించి, కొందరిని దింపించి చూస్తే, దిగినవాళ్లకే ఎముకకూ కండకూ ఎక్కువ మేలు జరిగింది. మోకాళ్లు ఒప్పుకున్నవాళ్లు ఇంట్లో మేడ మెట్లు రెండంతస్తులు దిగితే చాలు, అలిపిరి దాకా అక్కర్లేదు. రెయిలింగు పట్టుకుని.

మళ్లీ చీటీ. అయిపోయింది, అయిపోయింది.

ఈ సంచీలో ఇరవై స్కిప్పింగు తాళ్లున్నాయి. మీకు కాదు. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు మనవరాలు ఎవరికుంది? చేతులెత్తండి. మనవడుంటే కూడా సరే, కానీ మనవరాలికే ముందు. పెద్దమనిషైందని ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే వాళ్లమ్మతో మీరు మాట్లాడండి, కోడలు మీ మాట వినకపోతే నా ఫోన్ నంబరు కార్యదర్శి గారి దగ్గరుంది, నేనొస్తాను. ఈసారి ఇంటికే వస్తాను. ఎర్రపిడి తాళ్లు కాస్త పొట్టివి, అవి చిన్నపిల్లలకు. తీసుకున్నవాళ్లు ఈ నోటుబుక్కులో పిల్ల వయసు రాసి వెళ్లండి. లేవండి, చేతులు ఆనించకుండా.