కోస్ట్ గార్డ్ ఏ శాఖ కింద ఉండాలి?

(తెర మీద: హైదరాబాద్, ప్రగతినగర్. ఇన్‌కాయిస్ గేటు.)

నమస్తే అండీ. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. అయినా కాకినాడ దగ్గర ఓ పడవ కనబడకుండా పోతే ఇన్‌కాయిస్ అనే ఈ సముద్ర సమాచార కేంద్రంతో పని పడుతుంది. పడవ ఆఖరిసారి ఎక్కడ, ఎన్ని గంటలకు కనబడింది, అది ఏ రకం పడవ అన్నది ఇక్కడివాళ్లు తయారుచేసిన ‘సరత్’ అనే కంప్యూటర్ సాధనంలో కొడితే, గాలినీ ప్రవాహాన్నీ లెక్కగట్టి ఎక్కడ వెతకాలో మ్యాపు మీద చూపిస్తుంది.

వెతకడానికి వెళ్లేది కోస్ట్ గార్డ్. అది రక్షణ శాఖది. ఇన్‌కాయిస్ భూవిజ్ఞాన శాఖది. తీరం దగ్గర గస్తీ తిరిగే మెరైన్ పోలీసులు రాష్ట్ర హోం శాఖ కింద, పడవ రిజిస్ట్రేషన్ మత్స్యశాఖలో.

(తెర మీద: తెల్ల నౌక, దాని పక్కన బూడిద రంగు యుద్ధనౌక.)

మరి కోస్ట్ గార్డ్ రక్షణ శాఖకే ఎందుకు వెళ్లింది? అది పుట్టిన 1970లలో పెద్ద తలనొప్పి స్మగ్లింగ్. ఆ లెక్కన కస్టమ్స్ ఉన్న ఆర్థిక శాఖకే ఇవ్వొచ్చు. అమెరికా అలాగే మొదలుపెట్టింది: 1790లో ఖజానా శాఖ, 1967లో రవాణా, 2003 నుంచి హోంల్యాండ్ సెక్యూరిటీ. జపాన్‌లో ఇప్పటికీ రవాణా శాఖే చూస్తోంది. చైనా 2018లో సాయుధ పోలీసు దళంలో కలిపేసింది.

మన దగ్గర 1974లో పోలీసు అధికారి రుస్తుంజీ నేతృత్వంలో కమిటీ వేశారు. రక్షణ శాఖ కిందే, కానీ నౌకాదళంతో కలపకుండా విడిగా ఉండాలని అది చెప్పింది. 1977 ఫిబ్రవరి 1న సేవ మొదలైంది, 1978లో చట్టం వచ్చింది.

నాకు ఆ ‘విడిగా’ అన్న మాటే ముఖ్యం అనిపిస్తుంది. సరిహద్దు గీత దాటిన జాలరి పడవ దగ్గరికి యుద్ధనౌక వస్తే రెండు దేశాలకూ టెన్షనే. కోస్ట్ గార్డ్ తెల్ల నౌక వస్తే పోలీసు వచ్చినట్టు. అలాగని రక్షణ శాఖ నుంచి తీసేయాలని నేను అనను. నడిసముద్రంలో రోజుల తరబడి ఉండే ఓడలు, విమానాలు, శిక్షణ సమకూర్చడం హోం శాఖకు మొదటి నుంచి నేర్చుకోవాల్సిన పని.

నా బాధ తీరం పక్కన ఉన్న 12 నాటికల్ మైళ్ల (సుమారు 22 కిలోమీటర్ల) గురించి. 2008 ముంబై దాడి తర్వాత అక్కడ మెరైన్ పోలీసులకూ పని, కోస్ట్ గార్డ్‌కూ బాధ్యత. ఇంజన్ ఆగిపోయిన జాలరి ఎవరికి ఫోన్ చేయాలి? కోస్ట్ గార్డ్ నంబర్ 1554, మెరైన్ పోలీసుల తీర భద్రత నంబర్ 1093. రెండు శాఖలు, రెండు నంబర్లు! అలల మధ్య ఊగే పడవలో ఇది తేల్చుకోవాల్సింది ఆ మనిషా? ఏ శాఖ కింద ఉన్నా సరే, ముందు ఆ ఫోన్ ఒక్కచోటికి చేరేలా చేయాలి.

అప్పటిదాకా మీ ఊళ్లో వేటకు వెళ్లేవాళ్లుంటే రెండు నంబర్లూ వాళ్ల ఫోన్లో మీరే సేవ్ చేసి ఇవ్వండి.