పొత్తిగుడ్డ మీద రంగు: పసిబిడ్డల కామెర్లలో ఏవి ఎండకు తగ్గుతాయి, ఏవి తగ్గవు

నమస్కారం. గుంటూరులో పిల్లల వైద్యం చేస్తున్న నాకు వారానికి రెండు మూడు సార్లైనా వినిపించే మాట ఒకటి ఉంది: "పుట్టిన పిల్లలకు కామెర్లు మామూలేనండీ, పొద్దున్నే లేత ఎండలో పడుకోబెడితే అవే పోతాయి." ఈ మాట చాలామంది బిడ్డల విషయంలో నిజమే కావడం వల్ల, నిజం కాని బిడ్డ దగ్గర కూడా ఎవరికీ అనుమానం రావడం లేదు. ఈ వీడియో ఆ బిడ్డ కోసం.

కొంతకాలం క్రితం తెనాలి వైపు పల్లె నుంచి ఒక అమ్మమ్మగారు 75 రోజుల మనవణ్ణి తీసుకొచ్చారు. బిడ్డ బొద్దుగా ఉన్నాడు, పాలు బాగా తాగుతున్నాడు, పలకరిస్తే నవ్వుతున్నాడు, కానీ కళ్ళలోని తెలుపు మాత్రం పండిన నిమ్మకాయ రంగులో ఉంది. అప్పటికి రెండు చోట్ల చూపించారు, రెండు చోట్లా ఎండలో పెట్టమన్నారు. "అరుగుదల మాత్రం బాగుంది డాక్టరుగారూ, విరేచనం తెల్లగా, శుభ్రంగా అవుతోంది" అంటూ ఆవిడ సంచిలోంచి ఒక పొత్తిగుడ్డ తీసి బల్ల మీద పరిచారు. పాత నేతచీర చింపి మడతలు పెట్టి కుట్టిన ఆ గుడ్డ మీద ఒకచోట రుబ్బిన మినప్పిండి లాంటి ముద్ద, దానికి జానెడు దూరంలో ఆవపువ్వు రంగులో మూత్రపు మరక ఉన్నాయి. నేను ఆ రోజు రాయబోయే పరీక్షలన్నిటి కంటే ఎక్కువ సంగతులు ఆ గుడ్డ మీదే ఉన్నాయి, రెండు నెలలుగా రోజూ చాకిరేవులో ఉతికి ఆరేస్తున్నది దాన్నే.

[తెరపై: ప్రకాశం బ్యారేజీ, దిగువన చీలిపోతున్న కాలువలు]

మన ప్రాంతం వారికి కాలువ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు కాబట్టి కాలేయాన్ని కాలువతోనే చెబుతాను. బ్యారేజీ దగ్గర నిలిచిన కృష్ణ నీరు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల్లోకి దిగితేనే దిగువ పొలం తడుస్తుంది. అలాగే కాలేయంలో తయారైన పైత్యరసం సన్నని బోదెల వంటి నాళాల్లో ప్రయాణించి, అవన్నీ కలిసిన ఒకే ఒక పెద్ద కాలువ గుండా పేగులోకి దిగుతుంది. పేగులో కొవ్వు అరగడానికి ఆ రసమే కావాలి, మలానికి పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులు వచ్చేది కూడా దానిలోని వర్ణకం వల్లనే. బిలియరీ అట్రీషియా అనే జబ్బులో, పుట్టిన కొద్ది వారాల్లోనే ఆ పెద్ద కాలువ వాచి, గట్టిపడి, పూర్తిగా పూడిపోతుంది. లాకుల దగ్గర గుర్రపుడెక్క పేరుకుపోయినప్పుడు ఏం జరుగుతుందో మీరు చూసే ఉంటారు: ఎగువన ముంపు, దిగువన ఎండు. ఎండిన పొలం ఆ తెల్లటి మలం. మునిగిన పొలం కాలేయం. గట్టు తెగి గండి పడినట్టు, దారి లేని పైత్యం రక్తంలోకి పొర్లి అక్కడి నుంచి మూత్రంలోకి పోతుంది. పొత్తిగుడ్డ మీద పసుపు మరక ఆ గండి నీరు.

ఇప్పుడు ఎండ సంగతి చూద్దాం. 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల వార్డు చూసే సిస్టర్ వార్డ్ అనే నర్సు, ఎండ బాగున్న రోజుల్లో బిడ్డలను ఆరుబయట ఉంచేవారు. ఒకరోజు ఆమె ఒక బిడ్డ గుడ్డ విప్పి వైద్యులకు చూపించినప్పుడు, ఒళ్ళంతా పాలిపోయి ఉండగా, దుప్పటి మూల కప్పి ఉన్న ముక్కోణపు మేర మాత్రం పసుపుగానే మిగిలింది. నీలికాంతి దీపాల కింద ఈనాడు మనం చేస్తున్న చికిత్సకు మొదలు అక్కడే. అయితే కాంతి కరిగించేది కాలేయం ఇంకా చేయి వేయని బిలిరుబిన్ అనే పసుపు వర్ణకాన్ని. కొత్తగా పుట్టిన బిడ్డ కాలేయం ఆ పని నేర్చుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది కనుక, నెలలు నిండి పుట్టిన వారిలోనే దాదాపు 60 శాతం మందికి తొలి వారంలో కామెర్లు కనిపిస్తాయి. బిలియరీ అట్రీషియాలో కాలేయం తన పని తాను చేసేసింది, బిలిరుబిన్‌ను నీటిలో కరిగే రూపంలోకి మార్చి కాలువలోకి వదిలింది, ఆ కాలువకు మాత్రం దారి లేదు. డైరెక్ట్ బిలిరుబిన్ అని రిపోర్టులో ఉండేది ఈ రెండో రకం. పూడిన కాలువ మీద ఎంత ఎండ కాసినా పూడిక కదలదు. పైగా ఈ రకం ఎక్కువగా ఉన్న బిడ్డను దీపాల కింద పెడితే చర్మం ఒక్కోసారి కంచు రంగుకు తిరుగుతుంది.

కాబట్టి బారసాలను ఒక గడువుగా గుర్తుపెట్టుకోమని నేను ప్రతి బాలింతకూ చెబుతాను. రెండు వారాలు దాటినా పసుపు తగ్గని బిడ్డకు పరీక్ష చేయించాలి. తల్లిపాలు మాత్రమే తాగుతూ, మలమూత్రాల రంగు సరిగా ఉండి, చురుకుగా ఉన్న బిడ్డ విషయంలో మరో వారం ఆగవచ్చు. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టే వేళకు కూడా కళ్ళు పచ్చగా ఉంటే ఇక ఆగకూడదు. పరీక్ష పెద్దదేమీ కాదు, రక్తంలో మొత్తం బిలిరుబిన్‌తో పాటు డైరెక్ట్ బిలిరుబిన్ విడిగా చూడమని అడగాలి. అది డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే కారణం వెతకవలసిందే. మొత్తం అంకె ఒక్కటే చూసి "తక్కువగానే ఉంది, పరవాలేదు" అని పంపించడం నాకు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఈ జబ్బులో మొత్తం అంకె చాలాసార్లు భయపెట్టేంత ఉండదు.

[తెరపై: కాలేయం అడుగుభాగానికి పేగును కుట్టిన బొమ్మ]

ఇంత తొందర ఎందుకంటే, 1955 వరకు ఇటువంటి బిడ్డల్లో చాలామందికి చేయగలిగింది ఏమీ లేదని శస్త్రవైద్యులు నమ్మేవారు. ఆ ఏడాది జపాన్‌లోని సెందాయ్ నగరంలో, తొహొకు విశ్వవిద్యాలయ వైద్యుడు మొరియో కసాయ్, పూడిపోయిన కాలువను పూర్తిగా కోసి తీసివేసి, చిన్నపేగును పైకి తెచ్చి నేరుగా కాలేయం అడుగుభాగానికి కుట్టే మార్గం తెరిచారు. పెద్ద కాలువ పూడినా, దాని మూలంలో కంటికి కనిపించని సన్నని బోదెలు ఇంకా ఊట ఇస్తూనే ఉంటాయి, ఆ ఊట పడే చోటికే పొలాన్ని జరిపినట్టు ఈ పని. 1959లో జపనీస్ భాషలో రాసిన ఈ విధానం 1968లో ఇంగ్లీషులో వచ్చాక గాని ప్రపంచమంతా పాకలేదు. కానీ ఆ బోదెలు కూడా రోజురోజుకూ మేట వేస్తూనే ఉంటాయి. అందుకే 60 రోజుల లోపు చేసిన శస్త్రచికిత్సకు, 90 రోజులు దాటాక చేసిన దానికి ఫలితంలో చాలా తేడా ఉంటుంది. 75వ రోజున నా దగ్గరికి వచ్చిన బిడ్డ పోగొట్టుకున్నది ఈ వ్యవధినే.

దీనికి తైవాన్ కనిపెట్టిన మార్గం నాకు ఎంతో ఇష్టం. 2004 నుంచి అక్కడ ప్రతి తల్లికీ బిడ్డ ఆరోగ్య పుస్తకంలో మలం రంగుల పట్టిక ఇస్తున్నారు, కొన్ని రంగులు సరైనవి, కొన్ని సరికానివి, తల్లి పోల్చి చూసుకోవడమే. పట్టిక రాకముందు 60 రోజుల లోపు శస్త్రచికిత్స అందిన బిడ్డలు సుమారు 49 శాతం, వచ్చాక సుమారు 66 శాతం. అయిదేళ్ళు బతికిన వారు సుమారు 56 శాతం నుంచి 89 శాతానికి పెరిగారు. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు, ఒక రంగుల కాగితం మాత్రమే. మన పురిటి ఆసుపత్రులు టీకాల కార్డుతో పాటు అటువంటి కాగితం ఇవ్వడానికి అయ్యే ఖర్చు ఎంత?

అసలు కాలువ ఎందుకు పూడుతుందో ఇంకా పరిశోధిస్తూనే ఉన్నారు, అందులో ఒక ఆధారం గొర్రెల మంద నుంచి దొరికింది. ఆస్ట్రేలియాలోని బరిన్‌జక్ ఆనకట్ట వద్ద 1964లోనూ 1988లోనూ కరువు వచ్చి నీరు తగ్గినప్పుడు, బయటపడిన నేలలో మొలిచిన కలుపుమొక్కలను చూడి గొర్రెలు మేశాయి. తల్లులకు ఏమీ కాలేదు కానీ, పుట్టిన పిల్లలకు పైత్యనాళాలు పూడిపోయాయి. ఆ జాతి మొక్కల నుంచే 2015లో శాస్త్రవేత్తలు బిలియాట్రెసోన్ అనే విషాన్ని వేరుచేశారు, అది జీబ్రాచేప పిల్లల్లోనూ పైత్యనాళాలనే దెబ్బతీసింది. మన తల్లులు ఆ మొక్క తిన్నారని దీని అర్థం కాదు, తల్లికి ఏ హానీ లేకుండానే గర్భంలోని కాలువ దెబ్బతినగలదని మాత్రమే. ఈ జబ్బుతో తేలిన బిడ్డల పాత రికార్డులు అమెరికాలో తీసి చూసినప్పుడు, పుట్టిన తొలి రెండు రోజుల్లోనే డైరెక్ట్ బిలిరుబిన్ ఎక్కువగా ఉన్నట్టు కనిపించడం కూడా అదే దిక్కుగా చూపిస్తోంది. అందుచేత, ఏ పత్యం తప్పావని బాలింతను నిలదీసే పెద్దలు దయచేసి ఆ మాట మానాలి.

నిడివి పెరిగిపోయింది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. కసాయ్ శస్త్రచికిత్స తరువాత స్టెరాయిడ్లు ఇస్తే మేలా అని అమెరికాలో 140 మంది బిడ్డలతో జరిగిన పరీక్షలో, 2014లో వచ్చిన ఫలితం ప్రకారం, చెప్పుకోదగిన లాభం కనిపించలేదు. రక్తంలో ఎంఎంపీ-7 అనే ప్రోటీను కొలిస్తే ఈ జబ్బును మిగతా కామెర్ల నుంచి త్వరగా వేరుచేయవచ్చని 2017 నుంచి వరుసగా పరిశోధనలు వస్తున్నాయి. పేగు నుంచి పైత్య లవణాలు తిరిగి పీల్చుకోకుండా ఆపే ఒడెవిక్సిబాట్, మరాలిక్సిబాట్ అనే మందులు 2021లో అనుమతి పొందాయి, కానీ అవి వేరే వారసత్వ కాలేయ జబ్బుల దురద కోసం. కసాయ్ పని చేయకపోతే కాలేయ మార్పిడి ఉంది, తల్లి గాని తండ్రి గాని తమ కాలేయంలో ఒక భాగం ఇవ్వవచ్చు.

మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే రేపు పొద్దున కిటికీ వెలుతురులో పొత్తిగుడ్డ విప్పి చూడండి, బల్బు వెలుతురులో రంగు మోసం చేస్తుంది. డైపరు వేస్తుంటే అదే చూడండి. మలం సున్నంలా, మినప్పిండిలా, బంకమట్టిలా ఉంటే, లేదా మూత్రం గుడ్డకు పసుపు అంటిస్తుంటే, ఒక ఫోటో తీసుకుని అదే రోజు పిల్లల వైద్యుణ్ణి కలవండి. పసరు పోయించవద్దు, తల్లిపాలు ఆపవద్దు. పైత్యం అందని పేగు విటమిన్ కె ను పీల్చుకోలేదు కాబట్టి, పుట్టినప్పుడు ఆ ఇంజెక్షన్ వేశారో లేదో డిశ్చార్జి కాగితంలో చూసి, ఆ కాగితం కూడా వెంట తీసుకువెళ్ళండి.