ఏం చూసినావని కూడా అడగండి

సభకు నమస్కారం. గ్రంథాలయ నిర్వాహకులకు, వేదిక మీది పెద్దలకు, కళాశాల విద్యార్థులకు నా వందనాలు. ప్రపంచ పర్యాటక దినోత్సవం సందర్భంగా మన కడప జిల్లాలోని గండికోట వంటి దర్శనీయ స్థలాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వాటి చరిత్ర నాకంటే బాగా తెలిసినవారు ఈ సభలోనే ఉన్నారు. నేను 2008లో ఒమన్ దేశపు రాజధాని మస్కట్‌కు వెళ్లి, పద్నాలుగేళ్లు లారీ డ్రైవరుగా పనిచేసి తిరిగివచ్చినవాడిని. అందువల్ల నాకు తెలిసిన ఒక్క ప్రయాణం గురించే చెబుతాను.

2019 ఆగస్టులో బక్రీదు సెలవులకు మేము నలుగురం, రాయచోటివారు ఇద్దరు, ప్రొద్దుటూరు మనిషి ఒకరు, నేను, కారు అద్దెకు తీసుకొని ఆ దేశపు దక్షిణ తీరంలోని సలాలాకు బయలుదేరాము. మస్కట్ నుంచి సలాలా సుమారు 1000 కిలోమీటర్లు. రాత్రిపూట ఒంటెలు రోడ్డు మీదికి వస్తాయి కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరాము. నిజ్వా, ఆదమ్ దాటిన తరువాత హైమా వరకు, హైమా దాటితే తుమ్రైత్ వరకు, రోడ్డుకు రెండు వైపులా మట్టి, రాయి తప్ప ఏమీ కనబడదు. పదకొండేళ్లు లారీలో తిరిగిన నేల అదే. కానీ ఆ రోజు నా వెనుక సరుకు లేదు, చేరవలసిన గంట లేదు. ఒక పెట్రోలు బంకు పక్కన నీడలో కూర్చొని, ఇంటి నుంచి తెచ్చుకున్న పప్పులపొడి, నెయ్యి అన్నంలో కలుపుకొని తిన్నాము. అంత నిదానంగా తిన్న అన్నం ఆ దేశంలో నాకు అదే మొదటిది.

తుమ్రైత్ దాటి కొండల మీదికి చేరి అవతలివైపు దిగడం మొదలుపెట్టగానే కారు అద్దం మీద తడి పేరుకుంది. వైపరు వేయవలసివచ్చింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు కారు వెనుక దీపాలు తప్ప మరేమీ కనబడలేదు. అది విడిపోయేసరికి కొండలన్నీ పచ్చగా ఉన్నాయి. దారి పక్క కొట్లలో కొబ్బరిబోండాలు, అరటిగెలలు వేలాడుతున్నాయి. ప్రొద్దుటూరు మిత్రుడు కారు ఆపించి, దిగి, ఆ తుంపరలో ముఖం పైకెత్తి నిలబడ్డాడు. ఎవరమూ మాట్లాడలేదు.

ఆ కాలాన్ని అక్కడివారు ఖరీఫ్ అంటారు. మన రైతు విత్తనం వేసే పంటకాలానికి పెట్టుకున్న మాటే అది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వీచే నైరుతి గాలులే అక్కడికీ వెళతాయి. తీరం వెంట సముద్రపు అడుగు నుంచి చల్లటి నీరు పైకి రావడం వల్ల, దాని మీదుగా వచ్చే తేమగాలి చల్లబడి, మంచుగా మారి సలాలా వెనుకనున్న ధోఫార్ కొండలకు తగిలి నిలిచిపోతుంది. అవే గాలులు పడమటి కనుమల మీద వాన కురిపించి, మన కడపకు వచ్చేసరికి తడి ఆరిపోయి ఉంటాయి. మన మీదికి ఒట్టి చేతులతో వచ్చే గాలి ఒక ఎడారి దేశపు అంచును తడపడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

ఇంతవరకు చెప్పింది సంతోషం. ఇక నా బాధ చెబుతాను. ఆ ప్రయాణానికి అయిన ఖర్చును నేను ఇంటికి చెప్పలేదు. ఫోటోలు ఏడాదిపాటు దాచిపెట్టాను. సెలవుకు వచ్చినప్పుడు నా చిన్న కూతురు ఫోనులో వాటిని చూసి అందరికీ చూపించింది. దగ్గరి బంధువు ఒకరు, “ఆ దుడ్డు పంపింటే బోరుకు మోటారన్నా వచ్చుండు” అన్నారు. ఆయన తప్పేమీ లేదు, మా బోరు నిజంగానే ఎండిపోయి ఉంది. కానీ పద్నాలుగేళ్లలో “ఎంత పంపినావు?” అని అడిగినవారే తప్ప, “ఏం చూసినావు?” అని అడిగినవారు లేరు. ఒక్క మా అమ్మ మాత్రం ఆ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకొని, “ఇదేందిరా, ఎడారి అంటివే, ఇంత పచ్చగా ఉండాది?” అంది.

విద్యార్థులారా, మీలో చాలామంది ఇండ్లలో కువైట్‌లోనో, ఖతర్‌లోనో, సౌదీలోనో తండ్రి ఉంటాడు, అన్న ఉంటాడు, అమ్మ కూడా ఉంటుంది. ఈ రాత్రి ఫోను చేసినప్పుడు డబ్బు మాట తరువాత ఎత్తండి. అక్కడ సముద్రం దగ్గరుందా, సెలవు రోజు ఎక్కడికి వెళ్లారు అని అడగండి. వెళ్లలేదంటే వెళ్లమని చెప్పండి. వారు సెలవుకు వచ్చినప్పుడు రెండు నెలలూ పెళ్లిళ్లకు, బ్యాంకులకు, అప్పుల లెక్కలకు తిప్పి పంపకండి.

గండికోట గురించి చెప్పమన్నారు కదా. మాది జమ్మలమడుగు. కోట పదిహేను కిలోమీటర్ల దూరమే. అయినా మా అమ్మను అక్కడికి తీసుకువెళ్లడానికి నేను పని మానుకొని రావలసివచ్చింది. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ నిదానంగా చూపించి, పెన్నా లోయ అంచున ఒక ఎర్రబండ మీద కూర్చోబెట్టాను. అమ్మ చాలాసేపు కింద నీళ్లకేసి చూసింది. తరువాత, “ఆ వాన కురిసే ఎడారికి నన్నెప్పుడు పిలుచుకపోతావురా?” అని అడిగింది.

పోయిన నెల అమ్మ పేరున పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాను. వచ్చే ఖరీఫ్‌కు, ఇక్కడ శెనక్కాయ విత్తనం వేసి, అక్కడికి బయలుదేరాలని అనుకుంటున్నాము.