పడుచు పుంజులు పొడుచుకుంటుంటే

అందరికీ నమస్కారం. ఎండ ఇంకా దిగకుండానే, గుంటూరు నుంచే కాదు, అటు మంగళగిరి, విజయవాడ నుంచి కూడా వచ్చారు. చాలా సంతోషం. నేను డాక్టర్ని కాదండీ, పెరట్లో కోళ్లు పెంచుకునే మనిషిని, చూసింది చెబుతాను.

మా ఇంట్లో ఒక పెట్ట పొదిగితే పదకొండు పిల్లలు దక్కాయి, అందులో ఆరు పుంజులే. మూడు నెలల పాటు ఒకే గూట్లో ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్న అన్నదమ్ములు, నాలుగో నెల దాటాక ఒక పొద్దున మెడ ఈకలు నిక్కబొడుచుకుని, తల కిందికి దించి, ఎదురెదురుగా నిలబడ్డాయి. మా అమ్మ భయపడిపోయి చీపురు తీసుకుని పరిగెత్తింది. నిజానికి ఆ రోజు విడదీయాల్సిన అవసరమే లేదు.

ఎందుకంటే కోళ్లలో ఒక వరస ఉంటుంది, ఎవరు ముందు తినాలి, ఎవరు ఎవరికి దారివ్వాలి అని. నార్వేకి చెందిన షెల్డెరుప్ ఎబ్బె అనే ఆయన చిన్నతనం నుంచీ తన కోళ్లను గమనిస్తూ, 1920ల మొదట్లో దీని గురించి రాశాడు, అప్పటి నుంచే శాస్త్రంలో ఈ మాట నిలబడింది. మన పల్లెల్లో కోళ్లు పెంచిన ఆడవాళ్లను అడిగినా ఇదే చెబుతారు. పుంజులకు నాలుగైదు నెలలకు వయసు వస్తుంది, అప్పుడు ఈ వరస మళ్లీ తేల్చుకుంటాయి. ఎగిరి గుద్దుకుంటాయి, రెండు పోట్లు వేసుకుంటాయి, ఒకటి తల వంచి పక్కకు తప్పుకుంటుంది, గెలిచింది వదిలేస్తుంది. అది అయిపోయినట్టే. దాన్ని మధ్యలో ఆపితే తేలలేదు కాబట్టి రేపు మళ్లీ మొదలుపెడతాయి.

మీరు కంగారు పడాల్సింది వేరే చోట. ఓడిపోయి పారిపోతున్నదాన్ని కూడా వదలకుండా తరుముతుంటే, ఒకదాని మీద ఇద్దరు ముగ్గురు కలిసి పడుతుంటే, అది రోజంతా మూలన నక్కి మేతకు రాకపోతే, లేదా నెత్తురు కనిపిస్తే, ఇక ఒక్క నిమిషం కూడా చూడకండి, దెబ్బలు తింటున్నదాన్ని పక్కకు తీసేయండి. కోళ్లకు ఎరుపు కంటపడిందంటే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి, పొద్దున చిన్న గాయం సాయంత్రానికి ప్రాణం మీదకు వస్తుంది.

ఇక్కడ ఒక మాట. గుంటూరులో కారానికి కొదవ లేదు కదా అని కొంతమంది గాయం చుట్టూ ఈకలకు కారం పూస్తారు, పొడిచేదానికి నోరు మండి మానేస్తుందని. మండదండీ. మిరప ఘాటు పక్షుల నోటికి తెలియదు, అందుకే చిలకలు పండుమిరపకాయలు హాయిగా తింటాయి. శుభ్రమైన నీళ్లతో కడిగి, ఈగలు వాలని చోట ఒంటరిగా పెట్టండి. గాయం లోతుగా ఉన్నా, కన్ను దగ్గర ఉన్నా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి, కోడికి డాక్టరేంటి అని ఆగిపోవద్దు.

నేను చేసిన తప్పు ఇక్కడే. దెబ్బతిన్న ఒక పుంజును పది రోజులు వేరే గదిలో ఉంచి, తగ్గిందని సంతోషంగా తెచ్చి పట్టపగలు గుంపులో వదిలాను. పది రోజుల్లో దాని చోటు పోయింది, మిగతావాటికి అది కొత్త కోడి. నేను గేటు వేసి వచ్చేలోపు కన్ను పోయింది. ఇప్పటికీ ఆ పుంజును తలుచుకుంటే బాధేస్తుంది. వేరు చేసినా వాటికి కనబడేలా, మధ్యలో జాలీ ఉంచి పెట్టాలి. ఒక వారం అలా చూసుకున్నాక, పొద్దుపోయి అన్నీ గూటికెక్కిన తర్వాత పక్కన కూర్చోబెట్టాలి, తెల్లారి గంటసేపు దగ్గరుండి చూడాలి.

ఇంకో పొరపాటు, కాలికి తాడు కట్టడం. కట్టేసిన పుంజు పారిపోలేదు, విడిగా ఉన్నది వచ్చి పొడుస్తుంటే దానికి దిక్కేది? గంప కింద మూసినా అంతే, మన మే నెల ఎండలో కాసేపటికే ఆయాసపడిపోతుంది, కోడికి చెమట పట్టదు కదా.

అసలు కారణం చాలాసార్లు మన దగ్గరే ఉంటుంది. చోటు చాలదు, పుంజులు ఎక్కువ. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. మూడు పెట్టల మధ్య నాలుగు పుంజులుంటే ముందు నలిగేది పెట్టలే, వాటి వీపు ఈకలు ఊడిపోయి చర్మం తేలుతుంది, చూస్తే మీకే తెలుస్తుంది. మేత ఒకే పళ్లెంలో పెడితే బలమైనదే అక్కడ కాపలా కాస్తుంది, అందుకే రెండు మూడు చోట్ల, ఒకదానికొకటి కనబడకుండా పెట్టండి, నీళ్లు కూడా. ఒక పాత తలుపు, గోనెపట్టా, రెండు కొమ్మలు అడ్డంగా పెట్టినా ఓడినదానికి దాక్కునే చాటు దొరుకుతుంది. మేత సంగతి కూడా చూసుకోండి, ఒట్టి నూకలతో పెరిగే పిల్లలకు మాంసకృత్తులు, ఉప్పు చాలవు, అలాంటప్పుడు ఈకలు పీక్కోవడం ఎక్కువవుతుంది. పుంజులను పెట్టలు కనబడని చోట విడిగా ఒక గుంపుగా పెంచితే చాలావరకు సర్దుకుపోతాయి, ఇప్పుడు మా దగ్గరున్న నాలుగు పుంజులూ అలాగే ఉన్నాయి.

పలనాటి యుద్ధం కథ విన్న వాళ్లం, బ్రహ్మనాయుడు, నాగమ్మ పుంజుల పందెం మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే పొడిచే పుంజును చూస్తే పౌరుషం అంటాం. సంక్రాంతి దగ్గరపడితే అలాంటిదాని కోసం డబ్బు పట్టుకుని ఇంటికే వస్తారు. దయచేసి ఇవ్వొద్దు. జంతువులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం, అదొక్కటే కాదు, మన చేతి మేత తిని పెరిగినదాన్ని కాలికి కత్తి కట్టడానికి ఎలా అప్పగిస్తాం? ఎక్కువైన పుంజులను పెట్టలున్న, పుంజు లేని ఇంటికి ఇవ్వండి. అది కుదరక కూరకు కోసుకుంటామంటే అది మీ ఇంటి నిర్ణయం, నేను తప్పు పట్టను.

పుంజు ఇంట్లో చిన్నపిల్లల మీదకు వస్తోందని ఇందాక ఒక అక్క అడిగారు. తన్నొద్దక్కా, తంతే పోరుకు ఒప్పుకున్నట్టే అనుకుంటుంది, పరిగెత్తినా తరుముతుంది. కదలకుండా నిలబడి, మెల్లగా రెండు చేతులతో రెక్కలు కదలకుండా పట్టుకుని చంకలో పెట్టుకోండి, అది శాంతించాకే దింపండి. రోజూ చేస్తే కొన్ని మారతాయి. మారకపోతే చిన్నపిల్లలున్న ఇంట్లో దాన్ని ఉంచకండి, కాలి ముల్లు పిల్లల కంటి ఎత్తుకే వస్తుంది.

గాయం ఉన్న పుంజుల ఫొటోలు ఎవరైనా తెచ్చుంటే ముందు వాళ్లే రండి, మిగతావాళ్లతో తర్వాత మాట్లాడతాను.